సిమ్ కార్డుతో పాటు నార్కాన్ డబ్బా కూడా

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికా చదువులకి వెళ్లే పిల్లలు ఏమేం సర్దుకోవాలో మొన్న మీ పేపర్లో ఒక లిస్టు వేశారు, కుక్కరు, కందిపొడి, ఆవకాయ, డోలో మాత్రలు, రెండో జత కళ్లజోడు, అన్నీ బాగానే ఉన్నాయి గానీ అక్కడ దిగాక కొనుక్కోవాల్సిన వాటిలో ఒకటి వదిలేశారు, దానికోసమే ఈ ఉత్తరం.

నేను ఖమ్మంలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైర్ అయ్యాను. పోయినేడాది ఒహాయోలో ఎంఎస్ చేస్తున్న మా చిన్నమ్మాయి దగ్గరికి వెళ్లా, ఇంకో ముగ్గురు మన పిల్లలతో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. ఒకరోజు బట్టలు మెషీన్లో వేద్దామని దాని బ్యాగు ఖాళీ చేస్తుంటే అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి బయటపడింది, ముక్కులో కొట్టే స్ప్రే. మీద నార్కాన్ అని, కింద చిన్న అక్షరాల్లో నలోక్సోన్ అని ఉంది. నా కాళ్లు వణికాయంటే నమ్మండి. వేరేవాళ్లయితే జలుబు మందనుకునేవాళ్లేమో, నాకది బాగా తెలిసిన మందు, ఫెంటనిల్ అనే చాలా బలమైన నొప్పి మందు ఇచ్చిన పేషెంటుకి ఊపిరి మందగిస్తే వెయ్యడానికి థియేటర్లో ఎమర్జెన్సీ ట్రేలో ఎప్పుడూ ఉంచేవాళ్లం. ఆ పూట అన్నం కూడా సహించలేదు.

సాయంత్రం అడిగితే పకపకా నవ్వింది. "నాక్కాదమ్మా, క్యాంపస్‌లో ఫ్రీగా ఇస్తుంటే తెచ్చుకున్నా, ఎవరన్నా పడిపోతే ముక్కులో కొట్టడానికి" అంది. మర్నాడు లైబ్రరీకి తీసుకెళ్లి చూపించింది, గుండె ఆగితే షాక్ ఇచ్చే మెషీన్ పక్కనే గోడకి ఇదీ తగిలించి ఉంది.

మా డ్యూటీలో ఫెంటనిల్ అంటే తాళం వేసిన అల్మారా, ఒక్కో యాంపుల్‌కీ రిజిస్టర్లో సంతకం, వాడేశాక ఖాళీ యాంపుల్ కూడా లెక్కకి అప్పజెప్పాలి, డోసు మైక్రోగ్రాముల్లో. దొంగచాటుగా తయారైన అదే సరుకు అక్కడ నకిలీ మాత్రల్లో దూరిపోతోంది. రెండు మిల్లీగ్రాములు, అంటే పది పదిహేను ఉప్పు రవ్వలంత, చాలు మనిషి పోవడానికి. 2023లో వాళ్ల డ్రగ్స్ నిఘా సంస్థ డీఈఏ పరీక్ష చేసిన ఫెంటనిల్ కలిసిన నకిలీ మాత్రల్లో పదింటికి ఏడింట్లో అది ప్రాణం తీసేంత ఉందట.

"మావాడు అలాంటివాడు కాదండీ" అని ప్రతి తల్లీ అంటుంది, నేనూ అన్నాను. కానీ ఈ విషయంలో అలవాటు ఉన్నవాడూ లేనివాడూ అని లేదు, పరీక్షల ముందు రాత్రి నిద్ర రాకుండా ఉంటుందని ఎవడో ఇచ్చిన ఆడరాల్ (అక్కడ ఏకాగ్రత కుదరనివాళ్లకి డాక్టర్లు రాసే మాత్ర), నడుం నొప్పికి రూమ్మేట్ స్నేహితుడి దగ్గర ఉన్న మాత్ర, అంతే. 2022 మేలో కొలంబస్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ స్టూడెంట్స్ ఇద్దరు చనిపోతే నకిలీ ఆడరాల్ మాత్రలతో జాగ్రత్త అని యూనివర్సిటీయే పిల్లలందర్నీ హెచ్చరించింది.

నన్ను ఎక్కువ భయపెట్టేది గురక. ఓవర్‌డోస్ అయినవాడు కింద పడి గిలగిలా కొట్టుకోడు, పడుకుని గరగరమని గురక పెడతాడు, పక్కనున్నవాళ్లు హమ్మయ్య నిద్రపోయాడులే అని దుప్పటి కప్పి లైటు తీసేస్తారు. దుప్పటి కాదు కప్పాల్సింది, గట్టిగా పిలవండి, ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దండి, లేవకపోతే, పెదాలు గోళ్లు నీలంగా ఉంటే, కంటిపాప సూదిమొనంత అయిపోతే, ముందు అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్, వెంటనే స్ప్రే. పని చేస్తుందో లేదో అని ముందే గాల్లో నొక్కి చూడొద్దు, ఒక్కో దాంట్లో ఒక్క డోసే ఉంటుంది. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండోది ఇంకో ముక్కులో. లేచి కూర్చున్నా ఒంటరిగా వదలొద్దు, మందు పని అరగంట నుంచి గంటన్నర లోపు అయిపోతుంది, ఒంట్లో ఫెంటనిల్ ఇంకా ఉంటే మళ్లీ ఊపిరి ఆగొచ్చు. ఒకవేళ అసలు అది ఓవర్‌డోసే కాకపోయినా ఈ స్ప్రే వల్ల హాని లేదు.

పోలీసులొస్తే వీసా ఏమవుతుందాంటీ అని వరంగల్ అబ్బాయి ఒకడు అడిగాడు. సాయం కోసం ఫోన్ చేసినవాళ్లని కాపాడే గుడ్ సమారిటన్ చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, చాలా క్యాంపస్‌ల్లో కూడా అలాంటి రూల్ ఉంది, అయితే అవి రాష్ట్రానికోలా ఉంటాయి, వీసా సంగతి మళ్లీ వేరు. అందుకే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో ఇది మొదటి వారమే అడిగి పెట్టుకోవాలి, ఫ్రెండ్ నీలంగా మారుతున్నప్పుడు కాదు.

నార్కాన్‌ని ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి 2023 మార్చిలో అనుమతి వచ్చింది, ఆ సెప్టెంబర్ నుంచి షాపుల్లో దొరుకుతోంది, రెండు డోసుల పెట్టె 45 డాలర్ల దాకా ఉంటుంది. కాలిఫోర్నియాలో అయితే కమ్యూనిటీ కాలేజీలు, స్టేట్ యూనివర్సిటీలు పిల్లలకి ఇవ్వాలని 2022లో చట్టమే చేశారు. అమెరికా మొత్తం మీద 2023లో లక్ష దాటిన ఓవర్‌డోస్ చావులు 2024లో ఎనభై వేల దగ్గరికి తగ్గాయంటే ఇది జనం చేతికి అందడం కూడా ఒక కారణం అంటున్నారు.

కాబట్టి ఈసారి లిస్టు వేసినప్పుడు "దిగాక తీసుకోవాల్సినవి" కింద సిమ్ కార్డు, బ్యాంక్ అకౌంట్ పక్కన నార్కాన్ అని ఒక్క ముక్క చేర్చండి. మా అమ్మాయి డబ్బా బ్యాగు అడుగున దాస్తే దానికే అవసరం వచ్చిన రోజు మిగతావాళ్లకి ఎలా తెలుస్తుందని చెప్పి, ఆ ఆదివారం నలుగుర్నీ కూర్చోబెట్టి నొక్కకుండానే దిండు మీద చూపించి, వచ్చేముందు దాన్ని వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టించి వచ్చాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, ఖమ్మం