ఇంకుడు గుంత మీద టైల్స్ వేస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

వేసవి వస్తే చాలు, విశాఖ అపార్ట్‌మెంట్లలో మాటంతా ట్యాంకర్ల గురించే. బోరు అడుగంటిందని, ట్యాంకర్ రేటు పెంచేశారని. అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకుడు గుంత ఎక్కడుందో చూపించమంటే మాత్రం ముఖముఖాలు చూసుకుంటారు. మా వీధిలో ఒకచోట దాని మీద టైల్స్ పరిచి బైకులు పెట్టుకుంటున్నారు. డాబా మీంచి దిగే వాన పైపును తిన్నగా రోడ్డు పక్క కాలువలోకి తిప్పేశారు. ప్లాన్ కాగితంలో మాత్రం గుంత భేషుగ్గా ఉంది.

100 చదరపు మీటర్ల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. అంటే ఒక ట్యాంకర్! అక్టోబరులో ఒక్క వాయుగుండం పట్టిందంటే అంత వాన మనకు పెద్ద లెక్క కాదు. ఆ నీళ్లన్నీ వాగుల్లో, గెడ్డల్లో పడి సముద్రం పాలవుతున్నాయి. పైగా తీరం పక్కన బోర్లు తోడుకుంటూ పోయి, తిరిగి నేలలోకి ఏమీ ఇంకనివ్వకపోతే ఉప్పునీరు లోపలికి చొచ్చుకొస్తుంది. అది ఒకసారి చేరాక వదిలించుకోవడం మన తరం కాదు.

గుంత తవ్వి వదిలేసినా లాభం లేదు. మన డాబాల మీద పేరుకునే దుమ్ము సంగతి తెలిసిందే. తొలి వాన నీటిని బయటికి వదిలెయ్యాలి. గుంతలో పైన ఉన్న ఇసుక పొరను ఏటా తీసి కడగాలి, లేదా మార్చాలి. లేకపోతే ఒండ్రు పట్టి నీరు దిగదు.

ఇక మొక్కల విషయం. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాలు చాలక గోదావరి నీళ్లను కూడా ఎత్తిపోసి ఏలేరు కాలువ మీదుగా ఊరికి తెస్తున్నారు. ఆ నీళ్లతో మిట్టమధ్యాహ్నం పైపు పట్టుకుని కుండీలు, వాటితోపాటు గచ్చూ తడుపుతున్నాం. మన ఉక్కపోతకు ఏసీ పైపు నుంచి రోజూ బకెట్ల కొద్దీ నీరు కారుతుంది. అందులో ఉప్పు ఉండదు, మొక్కలకు హాయిగా పోసుకోవచ్చు. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీరు అలా కాదు, దాంట్లో లవణాలు ఎక్కువ. అది గచ్చు తుడవడానికో బాత్రూంకో వాడుకోవాలి. కుండీలో మట్టి మీద కొబ్బరి పీచు, ఎండుటాకులు కప్పి పొద్దున్నే మొక్క మొదట్లో పోస్తే తక్కువ నీరైనా సరిపోతుంది. ఇవన్నీ ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకునేవి, వీటికి ప్రభుత్వం అక్కర్లేదు.

గుంతల దగ్గర మాత్రం కావాలి. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. ఇళ్లకు అనుమతి ఇచ్చే రోజున ఒకసారి చూసి ఊరుకోకుండా, ఏటా మే నెలలో వార్డు సచివాలయం సిబ్బందిని పంపి ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ గుంత మూత తీయించి చూడాలని మన నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కమిషనర్ గారికి మీ పత్రిక ద్వారా మనవి. మూతే కనిపించని చోట అసోసియేషన్‌కు నోటీసు ఇచ్చి, వానలు మొదలయ్యేలోపు టైల్స్ తీయించాలి.

— ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం