వార్షిక నివేదిక: పియానో పనులు, ఇతర కార్యక్రమాలు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, రక్తదాన శిబిరం, వేసవిలో పిల్లల సంగీత తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈ ఏడాది కమిటీకి ఎక్కువ పని పెట్టింది మాత్రం హాల్లోని పాత గ్రాండ్ పియానో.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకు హాలు తడిసినప్పటి నుంచీ దానికి సుస్తీయే. కొన్ని మెట్లు నొక్కితే హ్యామర్, అంటే తీగను కొట్టే చిన్న సుత్తి, లేచి ఓ పట్టాన దిగదు. మేమేమో ప్రతిసారీ శ్రుతి చేయించి ఊరుకున్నాం. అది కమిటీ పొరపాటే.

ఈసారి మెకానిక్ యాక్షన్‌ను, అంటే మెట్లు, హ్యామర్లు ఉండే యంత్రభాగం మొత్తాన్ని, సొరుగులా బయటికి లాగి చూపించారు. హ్యామర్లకు చుట్టిన ఫెల్ట్ (దట్టంగా ఒత్తిన ఉన్ని) మీద తీగల గాట్లు లోతుగా దిగాయి. పై స్వరాల దగ్గర ఫెల్ట్ అరిగి చెక్క కనిపిస్తోంది. గరుకు కాగితంతో రుద్దితే బాగయ్యే దశ దాటిపోయింది. మొత్తం 88 హ్యామర్లూ మార్చాం. హ్యామర్లు తిరగడానికి ఇరుసుల్లా ఉండి, తేమకు బిగుసుకున్న పిన్నులూ మార్పించాం.

మార్చడమంటే విప్పి బిగించడమే అనుకున్నాం. కాదు. ఒక్కో విభాగంలో ముందు రెండు చివర్ల హ్యామర్లను పాత కొలతకు అంటించి, మధ్యవాటిని ఆ వరుసకు తెచ్చారు. పై చివర తీగ పొడవు ఐదారు సెంటీమీటర్లే కాబట్టి మిల్లీమీటరు తేడాకే నాదం చచ్చిపోతుంది. అక్కడ కొలబద్దను పక్కన పెట్టి, హ్యామర్‌ను ముందుకీ వెనక్కీ జరుపుతూ చెవితో విని అంటించారు. మంద్రంలో తీగలు ఏటవాలుగా పోతాయి, హ్యామర్లనూ ఆ వాలుకే తిప్పాలి.

అసలు ఓపిక వరుస కుదర్చడంలో కావాలి. హ్యామర్ లేస్తూ పక్కకు వాలితే దాన్ని పట్టి ఉంచే ఫ్లాంజ్ అనే చిన్న చెక్కముక్క కింద సన్నని కాగితం ముక్క అంటిస్తారు. అప్పుడే మూడు తీగలకూ సమంగా తగులుతుంది. ఎడమ పెడల్ తొక్కితే యాక్షన్ అంతా కాస్త కుడికి జరుగుతుంది కదా, అప్పుడూ పక్క స్వరం తీగకు తగలకూడదు. "కాగితం ముక్కలకా ఇంత కూలీ?" అని సమావేశంలో ఒకరు అడిగారు. అంటించడం కంటే దీనికే ఎక్కువ రోజులు పట్టాయి మరి.

కొత్త ఫెల్ట్ గట్టిగా ఉంటుంది కాబట్టి ప్రస్తుతం శబ్దం కాస్త కటువుగా వినిపిస్తుంది. కొన్నాళ్లు వాయించాక సూదులతో గుచ్చి మెత్తబరుస్తారు. అందాకా ఓపిక పట్టండి. సముద్రం వైపు కిటికీలు తెరిచినప్పుడు పియానో మూత వేయండి. దాని మీద పూలకుండీ పెట్టొద్దని ఇదివరకే మూడుసార్లు చెప్పాం.

పాత హ్యామర్లకు వరుస నంబర్లు వేసి ఆఫీసు బీరువాలో ఉంచాం. చూడాలనుకునే పిల్లలు ఆదివారం ఉదయం రావచ్చు.

కార్యదర్శి