ఆ ఫోటోలో పిల్లోడి గ్లౌజులు తీయించండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మన తిరుపతి పేజీలో ఇంటి వెనక షెడ్డులో చిన్న లేత్ (ఇనుప రాడ్డుని తిప్పుతా టూల్‌తో చెక్కే మిషన్) పెట్టుకోని సొంతంగా పార్టులు చేసుకుంటా ఉన్న ఒక పిల్లోడి గురించి రాసినారు, చదివి శానా సంతోషమైంది, ఈ రోజుల్లో పిలకాయలు ఫోన్ పక్కన పెట్టి ఇనుము పట్టుకుంటా ఉన్నారంటే ఇంకేం కావాలి, కానీ పైన వేసిన ఫోటో చూసినాక టీ గ్లాసు అట్లే కింద పెట్టేసినా. చక్, అంటే రాడ్డుని పట్టుకోని తిరిగే భాగం, తిరుగుతా ఉంది, పిల్లోడు రెండు చేతులకీ తెల్ల నూలు గ్లౌజులు ఏసుకోని టూల్ పోస్టు (కోసే టూల్‌ని బిగించే దిమ్మ) పక్కనే చెయ్యి పెట్టి నవ్వుతా నిలబడినాడు. పైగా అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాడని కింద రాసినారు.

నేను టర్నర్‌ని, అంటే లేత్ పనోడిని సార్. ఐటిఐలో రెండేళ్ల ట్రేడ్ చేసి, ముప్పై ఏళ్లకి పైన షెడ్లలో పనిచేసి, ఇప్పుడు కొర్లగుంటలో రేకుల షెడ్డు కింద ఒక పాత నాలుగున్నర అడుగుల లేత్ పెట్టుకోని బోరు మోటార్ల బుష్షులు, షాఫ్టులు, అవీ ఇవీ చేసుకుంటా ఉండా. ఆ ఫోటో చూసి ఇంకో పదిమంది పిలకాయలు గ్లౌజులు కొంటారేమో అని భయమేసి రాస్తా ఉండా.

వెల్డింగ్‌కి గ్లౌజులు ఉండాల్సిందే, రేకులు మోసేటప్పుడు ఉండాల్సిందే, తిరిగే మిషన్ దగ్గర మాత్రం వద్దు. ఒట్టి చెయ్యి చక్‌కి తగిలితే చర్మం లేస్తుంది, గాయమవుతుంది, శానాసార్లు చెయ్యి వెనక్కి లాక్కోగలం. గ్లౌజుకి ఒక్క దారం పోగు చక్ దవడకి తగిలిందంటే అది చెయ్యిని కూడా తనతో చుట్టుకుంటుంది. 400 ఆర్‌పిఎం (నిమిషానికి 400 చుట్లు) అంటే నిదానమే అనుకుంటారు, సెకనుకి ఆరుసార్లకి పైనే తిరుగుతా ఉంటుంది, అమ్మా అనేలోపల అయిపోతుంది. ఫుల్ హ్యాండ్ చొక్కా, మెళ్లో టవలు, ఉంగరం, కడియం అన్నీ ఇదే లెక్క. మన ఊర్లో ఇంకోటి ఉంది, అందరి మణికట్టుకీ దారాలే. దేవుడి దారమని చక్‌కి తెలీదు కదా. తీయడానికి మనసొప్పకపోతే తాయెత్తు మాదిరి మోచేతి పైన దండకి కట్టుకోండి, మణికట్టు కాడ మాత్రం వద్దు. లుంగీతో లేత్ ముందర నిలబడే పెద్దోళ్లకి కూడా చెప్తా ఉండా.

చక్‌ని బిగించే తాళం, అదే చక్ కీ, దాని సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నేను అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు జాబ్ (చెక్కాల్సిన ముక్క) బిగించి కీ చక్‌లోనే మరిచిపోయి స్విచ్ ఏసినా. అది నా చెవి పక్కనుంచి పోయి పైన ఆస్బెస్టాస్ రేకుని పొడుచుకోని బయటకి పోయింది. ఓనరు ఒక్క మాట తిట్టలేదు, కానీ ఆ బొక్క పూడ్చనీలేదు, వానొస్తే కింద బకెట్ పెట్టించేవాడు, కొత్తగా ఎవరు చేరినా మొదట వాళ్లకి ఆ బొక్క చూపించి తర్వాత నన్ను చూపించేవాడు. కీ చక్‌లో ఉన్నంతసేపూ చెయ్యి కీ మీదే ఉండాల, చెయ్యి తీస్తే కీ కూడా రావాల, అంతే. రజను, చుట్టలు చుట్టలుగా వచ్చే చిప్స్ చేత్తో లాగొద్దు, మిషన్ ఆపి కొక్కెంతో లాగండి. ఎమరీ గుడ్డ జాబ్ చుట్టూ చుట్టి పట్టుకోవద్దు, ఆకురాయికి పిడి లేకుండా లేత్ మీద వాడొద్దు.

ఇంక పని సంగతి. ఈ ఇంటి లేత్‌ల పిలకాయలు ఎక్కువమంది మిషన్‌నే తిడతారు. మా వీధిలో పాలిటెక్నిక్ చదివే ఒకడు ఆన్‌లైన్‌లో చిన్న బెంచ్ లేత్ తెప్పించుకున్నాడు, ఒక సాయంత్రం 20 మిల్లీమీటర్ల రాడ్డు ఒకటి పట్టుకోని వచ్చినాడు, దాని మీద చూస్తే చేప పొలుసుల మాదిరి గీతలు, వేలు పెడితే గరగరా అంటా ఉంది.

"తాతా, మిషన్ మోసం, కట్ ఏస్తే గీపెడతా ఉంది" అన్నాడు.

పోయి చూసినా. రాడ్డు చక్ నుంచి జానెడు బయటకి ఉంది, టెయిల్ స్టాక్ (చక్‌కి ఎదురుగా ఉండి రాడ్డు అవతలి కొసని ఆనించే భాగం) సపోర్ట్ లేదు, టూల్ కూడా టూల్ పోస్టు నుంచి రెండంగుళాలు బయటకి నాలుక చాపినట్టు ఉంది. మిషన్ ఆపించి, ఆరంగుళాల స్టీల్ స్కేలు ఒకటి తీసుకోని రాడ్డుకీ టూల్ మొనకీ మధ్య మెత్తగా నొక్కి పట్టించినా. స్కేలు నిటారుగా నిలబడితే మొన సెంటర్‌కి, అంటే రాడ్డు నడిమధ్య ఎత్తుకి, సరిగ్గా ఉన్నట్టు, పైకొస మన వైపు వాలితే మొన కిందికి ఉన్నట్టు, అవతలికి వాలితే పైకి ఉన్నట్టు. వాడిది మన వైపు బాగా వాలింది. విరిగిపోయిన హ్యాక్సా బ్లేడు ముక్క పళ్లు గ్రైండ్ చేసేసి (పళ్లతో పెడితే టూల్ సమంగా కూర్చోదు) టూల్ కింద ఒకటి పెట్టినా, చాల్లేదు, ఇంకోటి పెట్టినా. టూల్ లోపలికి నెట్టి, రాడ్డు కొసకి సెంటర్ డ్రిల్‌తో చిన్న బొక్క కొట్టి లైవ్ సెంటర్ (టెయిల్ స్టాక్‌లో రాడ్డుతో పాటు తిరిగే మొన) ఆనించి మళ్లీ కట్ ఏపించినా. గీ లేదు, గీత లేదు, మెరుస్తా వచ్చింది. వాడు రాడ్డుని లైటు కింద తిప్పి తిప్పి చూసుకున్నాడు, మోసం మాట మళ్లీ ఎత్తలేదు. సెంటర్ సపోర్ట్ లేకుండా పని చేయాల్సొస్తే జాబ్ డయాకి మూడింతల కన్నా బయటకి పెట్టొద్దు, 20 రాడ్డు అయితే 60 మిల్లీమీటర్లు.

స్పీడ్‌కి పిలకాయలు యాప్‌లు చూస్తా ఉంటారు, మేము నోటి లెక్కే వాడతాం. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో మామూలు ఇనుము అంటే ఎం.ఎస్. తిప్పేటప్పుడు పదివేలని జాబ్ డయాతో భాగించండి, వచ్చిందే ఆర్‌పిఎం. 25 మిల్లీమీటర్లకి 400, 50కి 200, 10కి 1000. నిమిషానికి 30 మీటర్ల కటింగ్ స్పీడ్ అని పుస్తకంలో ఉండేది సుమారుగా ఇదే. స్టెయిన్‌లెస్ అయితే అందులో సగం, ఇత్తడికి రెండింతలు, అల్యూమినియంకి ఇంకా పైకి పోవచ్చు, పోత ఇనుముకి కొంచెం తగ్గించి కూలెంట్ (చల్లబరిచే ద్రవం) లేకుండా పొడిగానే తిప్పాల. అల్యూమినియం టూల్‌కి అంటుకుంటా ఉంటే కిరసనాయిలు ఒక చుక్క చాలు.

అసలు నా బాధ టూల్ గురించి. మిషన్ కొన్న రోజే డబ్బా నిండా కార్బైడ్ ఇన్సర్ట్‌లు (టూల్ కొసకి బిగించే గట్టి ముక్కలు) కూడా కొంటా ఉన్నారు. కార్బైడ్‌కి స్పీడ్ కావాల, మిషన్‌లో దమ్ము కావాల, అదిరే చిన్న లేత్ మీద దాని అంచు చిట్లిపోతుంది. ఇంటి లేత్‌కి హెచ్‌ఎస్‌ఎస్ ముక్క, ఒక బెంచ్ గ్రైండర్, ఒక నూనె రాయి, ఇవి ముందు. సాన పట్టడం రానోడికి ఎంత మంచి లేత్ ఇచ్చినా దండగే, ఈ మాట నేను ఎక్కడైనా నిలబడి చెప్తా. హెచ్‌ఎస్‌ఎస్‌ని మామూలు బూడిదరంగు రాయి మీద పట్టొచ్చు, వేడెక్కితే నీళ్లలో ముంచొచ్చు, కార్బైడ్‌కి పచ్చరాయి కావాల, దాన్ని వేడి మీద నీళ్లలో ముంచితే పగులుతుంది. గ్రైండర్ రాయికీ టూల్ రెస్టుకీ మధ్య సందు ఒక నూలు, అంటే 3 మిల్లీమీటర్లు దాటనీయొద్దు, దాటితే టూల్ ముక్క, దాంతో పాటు వేలు కూడా లోపలికి పోతాయి. కొత్త రాయి బిగించే ముందు చిన్న చెక్కతో తట్టండి, గంట మాదిరి ఖంగుమంటే మంచిది, చచ్చు శబ్దం వస్తే లోపల పగులున్నట్టు, పారేయండి. ఇక్కడ కళ్లద్దాలు తప్పనిసరి, గ్లౌజులు ఇక్కడా వద్దు.

ఇత్తడికి వేరే టూల్ పెట్టుకోండి. ఇనుముకి పట్టిన టూల్‌కి పైన వాలు ఉంటుంది, ఇత్తడికి అది పనికిరాదు, పైన చదునుగా ఉండాల, లేకపోతే టూల్ తనంతట తానే లోపలికి దూకుతుంది. డ్రిల్ కూడా అంతే, అంచు మీద రాయితో రెండుసార్లు రుద్ది ఆ వాలు కొంచెం చంపేస్తే ఇత్తడిని పట్టి లాగదు. దీపం కుందెలు రిపేరు చేయాలని లేత్ కొన్నవాళ్లు మన ఊర్లో ఉన్నారు కాబట్టి చెప్తా ఉండా.

సెకండ్ హ్యాండ్ లేత్ కోసం చెన్నై అంబత్తూరు పోయేవాళ్లకి ఒక మాట. కొత్త పెయింట్ చూసి పడిపోవద్దు. ఎక్కువ పని చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్, అంటే టూల్‌ని మోసే శాడిల్ జరిగే ఇనుప పట్టాలు, అక్కడే అరుగుతుంది. శాడిల్‌ని చక్ దగ్గరికి తెచ్చి గిబ్ స్క్రూలు బిగించి ఆట లేకుండా చేయండి, అట్లే టెయిల్ స్టాక్ వైపు తిప్పుకుంటా పోండి, అక్కడ పట్టేసి కదలకపోతే బెడ్ అరిగినట్టే. చక్‌లో పొడుగు రాడ్డు బిగించి చేత్తో పైకెత్తి చూడండి, డయల్ గేజ్ ఉంటే ముల్లు ఎంత కదిలిందో చూడండి, బేరింగుల ఆట తెలుస్తుంది. మోటారు త్రీ ఫేజ్ అని భయపడొద్దు, సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్ ఉండే వీఎఫ్‌డీ (ఇంటి కరెంటుని త్రీ ఫేజ్‌గా మార్చే పెట్టె) పెట్టుకుంటే ఒకటి రెండు హెచ్‌పీ మోటార్లు ఇంటి కరెంటుతో బాగా నడుస్తాయి, వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య స్విచ్ పెట్టొద్దు, ఎర్తింగ్ మరవొద్దు.

తెచ్చినాక నేల మీద పెట్టేసి స్విచ్ ఏయొద్దు. బెడ్ ఇనుమే అయినా కాళ్లు సమంగా లేకపోతే మెలి తిరుగుతుంది, అప్పుడు జాబ్ ఒక కొస లావు ఒక కొస సన్నం వస్తుంది. లావుపాటి రాడ్డు ఒకటి సెంటర్ ఆనించకుండా చక్‌లో బిగించి రెండు చోట్ల ఒకే సెట్టింగ్‌లో సన్నటి కట్ ఏసి మైక్రోమీటర్ పెట్టండి, తేడా వస్తే టెయిల్ స్టాక్ వైపు ఒక కాలు కింద షిమ్ (పల్చటి రేకు ముక్క) పెట్టి మళ్లీ చూడండి. నాకు ఒక పూట మొత్తం పట్టింది, అదీ ఇంటావిడ అన్నానికి పిలిచీ పిలిచీ విసిగిపోయినాక. 2021 నవంబర్ వానలకి మా షెడ్డులోకి మోకాలి లోతు నీళ్లొచ్చినప్పుడు లెగ్గులు, కూలెంట్ ట్రే మునిగినాయి, బెడ్ బతికింది, కానీ ఆ తేమకి రెండో రోజుకే బెడ్ మీద ఎర్ర పొడి. అప్పటినుంచి ఐప్పసి (అక్టోబర్-నవంబర్) వానలు మొదలైతే పని అయిపోగానే తుడిచి నూనె పూసి గుడ్డ కప్పుతా. గ్రీజు పూయొద్దు, రజను దాంట్లో కూరుకోని ఎమరీ మాదిరి బెడ్‌ని తింటుంది.

చివరగా నా సొంత గోడు ఒకటి. నా లేత్ లీడ్ స్క్రూ (థ్రెడ్ కోసేటప్పుడు టూల్‌ని నడిపే పొడుగు స్క్రూ) అంగుళాల లెక్కది. దాని మీద మిల్లీమీటర్ థ్రెడ్ సరిగ్గా రావాలంటే 127 పళ్ల గేరు కావాల, ఎందుకంటే అంగుళం 25.4, దాన్ని అయిదుతో గుణిస్తే 127. మిషన్ అమ్మినాయన ఆ గేరు రేపు పంపిస్తా అన్నాడు, ఆ రేపు ఇంకా రాలేదు. 127లో సుమారు సగం అని 63 పళ్ల గేరుతో నెట్టుకొస్తా ఉండా, పొట్టి నట్టుకి సరిపోతుంది, పొడుగు స్క్రూ అయితే నట్టు సగంలో పట్టేస్తుంది. తిరుపతి, రేణిగుంట, చిత్తూరు వైపు పాత షెడ్డు ఎత్తేసిన వాళ్ల దగ్గర 127 గేరు ఏదన్నా మూలన పడుంటే మీ ఆఫీసులో చెప్పమనండి సార్, నేనే వచ్చి డబ్బులిచ్చి తీసుకుంటా. వచ్చినప్పుడు ఆ ఫోటో పిల్లోడి అడ్రస్ కూడా ఇప్పిస్తే వాని షెడ్డుకి ఒకసారి పోయొస్తా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టర్నర్,
కొర్లగుంట, తిరుపతి