ఆయన నవ్వించలేదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఓ చిన్న వార్త వేశారు. మా ఊళ్లో చాలా ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో పాడుతున్న ఒక పెద్దాయన ఇక పాడటం మానేస్తూ ఆఖరి కచేరీ ఇచ్చారని, అభిమానులు ఘనంగా సన్మానించారని. పక్కన ఫొటో. అందులో శాలువా కప్పేవాళ్లే కనబడ్డారు గానీ కప్పించుకున్నాయన మొహం సగమే పడింది. అది ఎప్పుడూ ఉండేదే. నా బాధంతా ఆఖరి వాక్యంతో. ‘తనదైన సిక్కోలు యాసలో మాట్లాడి ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించారు’ అని రాశారు.

ఆ రోజు హాల్లో నేనూ ఉన్నాను. జనం నవ్విన మాట నిజమే. ఆయన మాత్రం నవ్వించలేదండీ. ఆయన ఏం మాట్లాడాడో మీ వార్తలో ఒక్క ముక్క లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ముందు నాకు ఆయన ఎలా తెలుసో చెప్పాలి. అల్లిపురంలో నాకు క్యాసెట్ల షాపు ఉండేది. ఇప్పుడు అదే గదిలో మా అబ్బాయి సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నాడు. అప్పట్లో జనం కాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చి ఖాళీ క్యాసెట్ ఇచ్చి వెళ్లేవారు. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు ఘంటసాల, రెండో వైపు సుశీల. ఆఖరి పాట చరణం మధ్యలో తెగిపోయిందా, మర్నాడు పొద్దున్నే షాపు ముందు పంచాయితీ. ఈ పెద్దాయన లిస్టు తెచ్చేవాడు కాదు, తనే వచ్చి కూర్చునేవాడు. పోర్టులో కలాసీ పని. డ్యూటీ దిగి, చేతులకు అంటిన ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము కడుక్కుని, స్టూలు లాక్కుని, హెడ్‌ఫోన్ పెట్టుకునేవాడు. ఒకే లైను వెనక్కి తిప్పి తిప్పి వినేవాడు. నా టేప్‌రికార్డర్‌లో రివైండ్ బటన్ ముందుగా ఊడిందంటే అది ఆయన చలవే.

ఆయన దగ్గర అట్ట వేసిన పొడుగు నోట్‌బుక్ ఉండేది. పాట నల్ల ఇంకుతో, కొన్ని అక్షరాల కింద ఎర్ర ఇంకుతో గీతలు. ఓసారి అడిగాను, ఈ గీతలేంటని. ‘అక్కడ నా నాలిక జారిపోద్ది బావూ’ అన్నాడు. ఆయనది సిక్కోలు, అంటే శ్రీకాకుళం జిల్లా, టెక్కలి వైపు పల్లె. ఇంట్లో ‘శ’ ఉండదు, ‘ష’ ఉండదు, ‘ళ’ ఎప్పుడో గానీ రాదు. ‘లేదు’ కూడా ‘నేదు’ అవుతుంది. అలాంటి మనిషి వినాయక చవితి పందిట్లో మైకు ముందు నిలబడి పద్యం ఎత్తుకుంటే ఒక్క ఒత్తు జారేది కాదు. వినేవాళ్లకు ఆయన ఏ ఊరివాడో తెలిసేదే కాదు.

ఇక కచేరీ రోజు. పాటకూ పాటకూ మధ్య మాట్లాడటానికి ఒక కుర్ర యాంకర్‌ని పెట్టారు. సూటు వేసుకున్నాడు, హుషారుగానే ఉన్నాడు. నాలుగైదు పాటలయ్యాక పెద్దాయన చేతికి మైకు ఇచ్చి ‘మీ అనుభవాలు రెండు ముక్కల్లో’ అన్నాడు. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ‘ఏటి సెప్పమంతారు. మా తబలా తమ్ముడు నిరుడు ఎల్లిపోనాడు. ఆడు నేకపోతే నాకు తాళం నిలబడదు. గొంతుక కూడా అయిపోనాది. ఇంక నాను పాడనేను.’

‘ఏటి’ దగ్గరే హాల్లో కిసుక్కుమన్నారు. ‘ఎల్లిపోనాడు’ దగ్గర బాహాటంగా నవ్వారు. చనిపోయిన మనిషి గురించి చెబుతున్నాడండీ ఆయన! లారీ వెనకాల పక్కపక్కన కూర్చుని ఊరూరూ తిరిగిన తబలా మనిషి గురించి. యాంకర్ ఆ నవ్వు చూసి ఇంకా ఉత్సాహపడి, ‘సార్, ఆ మాట ఇంకోసారి అనండి సార్, ఎల్లిపోనాఆఆడు’ అని సాగదీశాడు. మళ్లీ చప్పట్లు. పెద్దాయన వాడివంక ఓసారి చూసి, మైకు పక్కన పెట్టి, నోట్‌బుక్‌లో పేజీ తిప్పుకుని తర్వాతి పాట ఎత్తుకున్నాడు. ఆ పాటలో ‘లేదు’ అనే మాట మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ ‘లేదు’ అనే పాడాడు, ఎవరూ నవ్వలేదు.

హాల్లో జనం చెడ్డవాళ్లని నేను అనను. సగానికి సగం మంది ఇళ్లలో వాళ్ల నాయనమ్మలు మాట్లాడిందీ ఆ భాషే. మరి ఎందుకు నవ్వారు? ఈ సంగతి మీద మా బీచ్ రోడ్డు బ్యాచ్‌లో పెద్ద రగడే జరిగింది. సాయంత్రాలు కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా గోడ మీద చేరతాం. పోర్టులో రిటైరైన మా బావగారు ఒకరు, గుడివాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ బ్యాంకు మిత్రుడు ఒకరు, మధురవాడలో సాఫ్ట్‌వేర్ పని చేసే కుర్రాడు ఒకడు. చేతిలో మురీ మిక్స్చర్, నోట్లో సినిమా. రాజకీయం మాట్లాడితే ఫైన్ అని రూలు పెట్టుకున్నాం.

బ్యాంకాయన వాదన ఏమిటంటే, యాస విని నవ్వితే అవమానం కాదు, అది ముద్దు. ‘మా అమ్మాయి చిన్నప్పుడు వచ్చీరాని మాటలు మాట్లాడితే నవ్వేవాళ్లం కాదూ’ అన్నాడు. మా బావగారికి చిర్రెత్తింది. ‘అయితే మేం వచ్చీరాని మాటలు మాట్లాడుతున్నామా? నేను పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్నదే ఇది’ అని మిక్స్చర్ పొట్లం పక్కన పెట్టేశాడు. ఆయన పొట్లం పక్కన పెట్టాడంటే కోపం వచ్చినట్టే.

నాకు తోచింది చెబుతాను. సినిమాలు చూసీ చూసీ మనకు ఒక అలవాటు పడింది. ఉత్తరాంధ్ర యాస తెర మీదికి ఎప్పుడొస్తుందో గమనించండి. వాచ్‌మన్ వచ్చినప్పుడు, పనిమనిషి కాఫీ తెచ్చినప్పుడు, కమెడియన్ తన్నులు తిన్నప్పుడు. ఒకవేళ హీరోయిన్‌ది శ్రీకాకుళం అని చెప్పినా, అల్లరి సీన్లలో ‘ఏటి’, ‘నేదు’ అంటుంది. ప్రేమ చెప్పే సీను రాగానే, తండ్రి పోయిన సీను రాగానే కృష్ణా గుంటూరు భాషలోకి దిగిపోతుంది. ఏడవాలంటే యాస మార్చుకోవాలన్నమాట! నవ్వుకి ఒక భాష, కన్నీళ్లకి ఒక భాష. చిన్నప్పటి నుంచీ ఇదే చూసిన జనానికి ‘ఎల్లిపోనాడు’ అని వినబడగానే నవ్వు రావాలనే తెలుసు. మాటలో ఏముందో వినేలోపే నవ్వు వచ్చేస్తుంది.

హాస్యం వద్దని కాదు. హాస్యం లేకపోతే మా బ్యాచ్ వారం కూడా నిలవదు. యాసలో హాస్యం ఎలా ఉండాలో చూపించినవాళ్లూ ఉన్నారు. ‘ముత్యాలముగ్గు’ 1975లో వచ్చింది. ముళ్లపూడి వెంకటరమణ మాటలు, రావు గోపాలరావు కంట్రాక్టరు వేషం. ఆ సినిమా మాటలు రికార్డులుగా వచ్చి పెళ్లి పందిళ్లలో పాటలకు బదులు మోగేవి. నా షాపులో కూడా పాటలు వద్దు, మాటలు ఎక్కించమని అడిగినవాళ్లున్నారు. అది గోదావరి యాసే. కానీ నవ్వు ఎక్కడ పుడుతుంది? ఆ మనిషి కుట్రలో, తెలివిలో, చల్లగా చెప్పే తీరులో. యాస అతన్ని తక్కువ చేయదు, ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. మా పక్క తీసుకుంటే, 1892లో తొలిసారి విజయనగరంలో ఆడిన ‘కన్యాశుల్కం’ సంగతి చెప్పక్కర్లేదు. అందులో గిరీశం వాగుడు చూసి నవ్వుతాం గానీ ఉచ్చారణ చూసి కాదు. మా విశాఖలో ప్లీడరుగా ఉన్న రావిశాస్త్రి కథల్లో అయితే కూలీలు, కోర్టు మెట్ల దగ్గర పడిగాపులు పడేవాళ్లు వాళ్ల మాటల్లోనే మాట్లాడతారు. చదువుతూ నవ్వుతాం, నవ్వాక మనకే సిగ్గేస్తుంది.

‘మరో చరిత్ర’ కూడా గుర్తుచేయాలి, మన ఊరి సినిమా కదా. బాలచందర్ 1978లో ఇక్కడా భీమిలిలోనూ తీశాడు. అబ్బాయికి తెలుగు రాదు, అమ్మాయికి తమిళం రాదు. దాంట్లో భాష మీద బోలెడు నవ్వు ఉంది. కాకపోతే ఇద్దరూ ఒకరి భాష చూసి ఒకరు నవ్వుతారు, ఎవరూ పైన లేరు, ఎవరూ కింద లేరు. తమిళంలోకి డబ్బింగ్ చేయకుండానే మద్రాసులో తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది.

మా సాఫ్ట్‌వేర్ కుర్రాడు చెప్పిన సంగతి నాకు బాగా పట్టింది. ‘అంకుల్, తెలంగాణ యాసకీ ఇదే గతి ఉండేది, రౌడీలకూ కమెడియన్లకే ఇచ్చేవారు, ఇప్పుడు చూడండి’ అన్నాడు. నిజమే. 2017లో ‘ఫిదా’లో హీరోయినే ఆ యాసలో మాట్లాడింది. 2023లో ‘బలగం’ వచ్చింది. తీసిన వేణు ఎల్దండి అంతకుముందు నవ్వించే వేషాలు వేసినవాడు. ఇంట్లో పెద్దాయన పోయిన దగ్గర్నుంచి నడిచే కథ. తెలంగాణ పల్లెల్లో తెర కట్టి వేస్తే ఊరంతా కూర్చుని ఏడ్చింది. ఆ యాసలో ఏడవచ్చు అని ఒక సినిమా రుజువు చేశాక మళ్లీ ఎవడైనా దాన్ని వాచ్‌మన్‌కి మాత్రమే ఇస్తే వెలితిగానే ఉంటుంది.

మాకూ కొన్ని వచ్చాయి. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసినప్పుడు వెంకటేశ్ మహా చాలామంది ఆ పేట మనుషులనే తెర మీద నిలబెట్టాడు. వాళ్లు నవ్వినా వాళ్ల మాటే, ఏడ్చినా వాళ్ల మాటే. 2025లో ‘తండేల్’లో హీరో హీరోయిన్లిద్దరి చేతా సిక్కోలు యాస మాట్లాడించారు. ఎక్కడెక్కడ జారిందో మా బావగారు వేళ్లు మడిచి లెక్కపెట్టారు, అయినా రెండోసారి వెళ్లి చూశారు. నేను అడిగితే ‘తప్పులున్నా ఆడు మా మాటలోనే ఏడిసినాడు కదా’ అన్నారు.

అసలు ఈ యాస వ్యవహారమంతా డబ్బింగ్ గదిలో తేలుతుంది. తెర మీది మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. ఆ గొంతు మనిషికి పలాస ఎక్కడుందో, విజయనగరం మాటకీ అనకాపల్లి మాటకీ తేడా ఏమిటో చెప్పేవాళ్లు పక్కన ఉండాలి కదా. ఫైట్లకి మాస్టరున్నాడు, డాన్సుకి మాస్టరున్నాడు. యాసకి మాత్రం ‘చివర సాగదీయ్, సరిపోతుంది’ అనే అసిస్టెంటు చాలు! జాలారిపేటలో ఒకలా మాట్లాడతారు, పాడేరు వైపు ఇంకోలా, సోంపేటలో మరోలా. అన్నిటికీ కలిపి ఒకే ‘ఏటి’ పోపు వేస్తే ఎలా?

ఇంకొకటి. ఎస్. జానకి గారు గుంటూరు జిల్లా రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టారు. ఇక వేదికల మీద పాడనని చెప్పి 2017 అక్టోబరు 28న వీడ్కోలు కచేరీ ఇచ్చింది ఎక్కడో తెలుసా, మైసూరులో. కన్నడం, తమిళం, మలయాళం ఏది పాడినా అక్కడివాళ్లు మా అమ్మే అనుకునేంతగా ఆ ఉచ్చారణ సాధించిన మనిషి. మా పోర్టు పెద్దాయనకు అంత పేరు లేదు, అంత వేదికా లేదు. కానీ ఎర్ర ఇంకు గీతలతో ఆయన చేసిందీ అదే పని. తన ఇంట్లో లేని అక్షరాలను జీవితమంతా మనకోసం నేర్చుకున్నాడు. ఆఖరి రోజు రెండు నిమిషాలు తన ఇంటి మాటలో మాట్లాడితే మనం వినలేకపోయాం.

కాబట్టి ఎడిటర్ గారూ, మొదట ఆ వార్తకు సవరణ వేయండి. పైన ఆయన మాటలు ఉన్నాయి, అవి ఉన్నవున్నట్టు అచ్చువేయండి, దిద్దకండి. మీ డెస్కులో ‘నేదు’ని ‘లేదు’ చేసే అలవాటు ఉందని నాకు తెలుసు, ఒకసారి మా బావగారి ఉత్తరానికి అలాగే చేశారు. రెండోది మీ సినిమా పేజీ సంగతి. ‘ఉత్తరాంధ్ర యాస చక్కగా కుదిరింది’ అని సమీక్షలో రాసేముందు టెక్కలిలోనో ఇచ్ఛాపురంలోనో ఉన్న మీ విలేకరికి ఒక్క ఫోన్ కొట్టి అడగండి. వాళ్లు కుదిరిందంటే అప్పుడు రాయండి. మూడోది, ఈ ఊళ్లో కచేరీలు పెట్టే సంఘాలవారికి. కళాభారతి కానీయండి, చిల్డ్రన్స్ ఎరీనా కానీయండి, ఎక్కడ పెట్టినా యాంకర్‌కి ముందే చెప్పండి, పాడేవాళ్ల మాట సాగదీసి చూపించడం నీ పని కాదని.

మా బ్యాంకు మిత్రుడు ఈ ఉత్తరం చదివి, దీనికి జవాబు తనూ మీకు రాస్తానని కూర్చున్నాడు. రాస్తే తప్పక వేయండి. కాకపోతే గుడివాడ యాసలోనే రాయమని చెప్పండి. మేమూ కాస్త నవ్వుకుంటాం.

ఇట్లు,
పాత క్యాసెట్ల షాపు ఓనరు,
అల్లిపురం, విశాఖపట్నం