పగడపు దిబ్బ అక్వేరియం నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

సంఘం సభ్యులకు, దాతలకు, బరంపురంలోని తెలుగు కుటుంబాలన్నిటికీ నమస్కారం.

మన ఆఫీసు ముందు హాల్లో పెట్టిన ఆరడుగుల సముద్రపు అక్వేరియం కోసం 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు వసూలైన సొమ్ముకు లెక్క ఇది. మొత్తం జమ రూ. 7,41,000. ఖర్చు రూ. 5,64,900. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసింది రూ. 1,50,000. ఒక వ్యాపారి దగ్గర్నుంచి తిరిగి రావలసింది రూ. 5,000. చేతిలో, బ్యాంకులో కలిపి నిల్వ రూ. 21,100.

చాలామంది అడిగిన ప్రశ్నకు ముందే జవాబు చెప్తాం. గ్రంథాలయం ఖాతా వేరు, సాయంత్రం తెలుగు తరగతుల ఖాతా వేరు. ఆ రెండింటిలోంచి ఒక్క రూపాయి కూడా ఇటు మళ్లించలేదు. అక్వేరియం పేరు చెప్పి అడిగి, అక్వేరియం పేరుమీద రసీదు ఇచ్చి తీసుకున్న డబ్బుతోనే ఈ పని చేశాం.

జమ వివరం. సభ్యుల చందాలు రూ. 3,42,500. భాపూర్ బజార్, పెద్ద బజార్ వ్యాపారస్థులు ఇచ్చింది రూ. 2,15,000. వీరిలో ఒడియా దుకాణదారులు కూడా ఉన్నారు కాబట్టి రసీదు పుస్తకాలు రెండు భాషల్లోనూ అచ్చువేయించాం, దానికి రూ. 2,600 అయింది. ఊరు విడిచి వెళ్లిన మనవాళ్లు, అంటే సూరత్ మగ్గాల్లో పనిచేసేవాళ్లు, విశాఖపట్నం, హైదరాబాదుల్లో స్థిరపడ్డవాళ్లు పంపింది రూ. 1,68,000. హాల్లో పెట్టిన హుండీలో పిల్లలు, వచ్చేపోయేవాళ్లు వేసింది రూ. 11,340. బ్యాంకు వడ్డీ రూ. 4,160. సూరత్ నుంచి వచ్చిన డబ్బు ఎక్కువభాగం ఓవర్‌టైం చేసి దాచుకున్నది. ఆ సంగతి ప్రతి బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడూ మా మనసులో ఉంది.

ఇక ఖర్చు. అద్దాల తొట్టి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. 15 మిల్లీమీటర్ల అద్దం, కింద ఉండే సంప్ తొట్టి (నీళ్లు వడకట్టే సామాను పెట్టేది), సిలికాన్, అతికించిన కూలి అన్నీ కలిపి రూ. 78,000. మొదట మేడ మీద సమావేశాల గదిలో పెడదామన్నారు. లెక్క వేస్తే అందులో పట్టే నీళ్లే దాదాపు 700 కిలోలు, అద్దం 150 కిలోలు, ఆపైన రాళ్లు, ఇసుక, స్టాండు. మొత్తం టన్ను దాటుతుంది. పాత కట్టడం పైకప్పు మీద అంత బరువు వేయడానికి కమిటీలో ఎవరూ ఒప్పుకోలేదు. కింద హాల్లోనే నేల తవ్వి కాంక్రీటు పోయించాం, రూ. 15,000. ఇనుప స్టాండుకు, ఉప్పు తగిలినా తుప్పు పట్టకుండా వేసిన ఎపాక్సీ రంగుతో సహా రూ. 31,500.

తొట్టిని వ్యాను నుంచి హాల్లోకి చేర్చిన ఖర్చు పద్దులో కనపడదు. అది గోపాలపూర్ జాలారి అన్నదమ్ముల ధర్మం. పాత వలలు మడతపెట్టి అద్దం అంచులకు మెత్తలుగా చుట్టారు. పడవ తాళ్లు అడుగున రెండుచోట్ల పోనిచ్చి, ఒకాయన పాట అందుకుంటే మిగతావాళ్లు ఆ ఊపుకే అడుగు వేస్తూ గుమ్మం దాటించారు. అద్దం మీద చిన్న గీత కూడా పడలేదు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. వాళ్లకు కమిటీ తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు.

వాళ్లే డ్రమ్ములతో సముద్రపు నీళ్లు ఉచితంగా తెచ్చిపోస్తామన్నారు కూడా. అలాంటప్పుడు ఉప్పు కొనడం దేనికని కొందరు సభ్యులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. సెప్టెంబరులో గోపాలపూర్ నీళ్లు ఒక డబ్బాలో తెచ్చి, ఉప్పదనం చూపే రిఫ్రాక్టోమీటరుతో కొలిచాం. లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉండాల్సినచోట 29 చూపించింది. వానాకాలంలో నదులన్నీ తెచ్చిపోసే మంచినీళ్ల వల్ల మన బంగాళాఖాతం పైపొర ఉప్పదనం తగ్గిపోతుంది. పైగా ఒడ్డున అలలు లేపే బురద ఒకటి. పగడపు దిబ్బల చేపలు ఆ హెచ్చుతగ్గులు తట్టుకోలేవు. అందుకని ఆర్‌ఓ యంత్రం (రూ. 14,500) పెట్టి శుద్ధి చేసిన నీళ్లలో కృత్రిమ సముద్రపు ఉప్పు కలిపాం. 25 కిలోల బకెట్లు రెండు, రూ. 13,000. మొదటిసారి నింపడానికి ఒక బకెట్ పూర్తిగా, రెండోదాంట్లో కొంత పట్టింది. మిగిలింది నీళ్లు మార్చడానికి వాడుతున్నాం.

ఇసుక సంగతీ ఇంతే. మన గంజాం ఒడ్డు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ వంటి బరువు ఖనిజాలు ఉంటాయి. ఛత్రపూర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ కర్మాగారం నడిచేది వాటి మీదే. అక్వేరియానికి కావలసింది సున్నపు గుణం ఉన్న ఆరగొనైట్ ఇసుక. నీటి క్షారగుణం పడిపోకుండా అది కొంత ఆదుకుంటుంది. 60 కిలోలు, రూ. 7,200.

ఇప్పుడు అసలు విషయం, పగడాల గురించి. దాతలు పంపిన డబ్బులో రూ. 60,000 ప్రత్యేకంగా 'బతికున్న పగడాలు కొనండి' అని సూరత్ మిత్రులు కలిసి పంపింది. ఆ డబ్బుతో ఒక్క పగడం కూడా కొనలేదు. కారణం చెప్పడం మా బాధ్యత.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో చేర్చారు. నల్ల పగడం, సముద్రపు విసనకర్రలు, సముద్రగుర్రాలు కూడా ఆ రక్షణలోనివే. పులికి ఏ షెడ్యూల్ వర్తిస్తుందో పగడానికీ అదే. కొనడం, అమ్మడం నేరం, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. 'అన్ని రకాల పగడాలూ జాబితాలో లేవు, మెత్తనివి కొనుక్కోవచ్చు' అని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఏది ఏ రకమో కచ్చితంగా తేల్చగల నిపుణులు మన మధ్య లేనప్పుడు, పిల్లలు నేర్చుకునే చోట అనుమానపు వస్తువు ఉండకూడదని కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించింది.

ఇది చట్టానికి భయపడి చేసిన పని మాత్రమే కాదు. మన దేశంలో పగడపు దిబ్బలు ఉన్న చోట్లు తక్కువ: మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. వేసవిలో ఉండే గరిష్ఠ వేడికి ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే నిలిస్తే చాలు, పగడం తన ఒంట్లోని ఆల్గేను (కంటికి కనపడనంత సన్నటి నాచును) వదిలేసి తెల్లబడిపోతుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో ఇలా పెద్దఎత్తున జరిగింది. మనం చందాలు మొదలుపెట్టిన 2024 ఏప్రిల్‌లోనే ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించారు, లక్షద్వీప్ కూడా దెబ్బతింది. అలాంటి సమయంలో సముద్రంలోంచి విరిచి తెచ్చిన ముక్కను మన హాల్లో దీపాల కింద పెట్టి పిల్లలకు చూపించడం మాకు చేతులు రాని పని.

రాళ్ల కోసం ఒక వ్యాపారికి రూ. 5,000 అడ్వాన్సు ఇచ్చాం. కృత్రిమమైనవే కావాలని ఆర్డరులో రాశాం. అతను తెచ్చిన నమూనా తెల్లగా, పొడిగా, తేలిగ్గా ఉంది. భూతద్దం పెట్టి చూస్తే రాయి నిండా చిన్నచిన్న గుంటలు, ఒక్కో గుంటలో మధ్య నుంచి అంచుకు నక్షత్రంలా సాగిన సన్నటి గోడలు. ఒక్కో గుంట ఒకప్పుడు ఒక పగడపు జీవి కాపురమున్న ఇల్లు. చచ్చిన పగడమైనా పగడమే కనుక అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేసి ఆర్డరు రద్దు చేశాం. అడ్వాన్సు ఇంకా రాలేదు, రాతపూర్వకంగా అడిగాం. ఆ తరువాత వేరేచోట, మట్టితో చేసి కొలిమిలో కాల్చిన సిరామిక్ రాళ్లు, రెజిన్‌తో పోతపోసిన పగడపు ఆకారాలు కలిపి రూ. 35,000కు తెప్పించాం. రాళ్లకు బోలెడు రంధ్రాలుంటాయి, నీటిని శుభ్రం చేసే బ్యాక్టీరియా కాపురం పెట్టేది వాటిలోనే. ఇవి నిజం పగడాలు కావని తొట్టి పక్కన తెలుగులో, ఒడియాలో స్పష్టంగా రాసి పెట్టాం.

మరి సూరత్ మిత్రుల రూ. 60,000 ఏమైంది? డబ్బు తిరిగి తీసుకుంటారా, మరో పనికి వాడమంటారా అని ఉత్తరం రాశాం. కరెంటు పోయినప్పుడు చేపలు బతికే ఏర్పాటుకు వాడమని వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఆ ఉత్తరం ఫైలులో ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తరువాత మన వీధులు ఎన్నాళ్లు చీకట్లో ఉన్నాయో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నీళ్లు కదలకుండా నిలిచిపోతే ప్రాణవాయువు తగ్గి ఈ చేపలు గంటల్లో చచ్చిపోతాయి. అందుకే 200 ఏహెచ్ బ్యాటరీలు రెండు (రూ. 44,000), ఇన్వర్టర్ (రూ. 16,000), విడిగా బ్యాటరీతో నడిచే గాలి పంపులు (రూ. 8,000), మొత్తం రూ. 68,000 పెట్టాం. నీళ్లు చల్లబరిచే చిల్లర్, దీపాలు ఆపేసి నీళ్లు తిప్పే పంపులు మాత్రమే నడిపితే ఒకటిన్నర రోజుకు తగ్గకుండా వస్తుంది. ఇందులో రూ. 60,000 సూరత్ మిత్రులది, రూ. 8,000 సాధారణ నిధిది.

అన్నిటికంటే పెద్ద పద్దు చిల్లర్, రూ. 84,000. చలికాలంలో తెచ్చిన చేపలకు చల్లబరిచే యంత్రం ఎందుకని అడిగినవాళ్లు మే నెలలో ఒకసారి మధ్యాహ్నం హాల్లో కూర్చుని చూడాలని మనవి. నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, మన ఎండలకు చిల్లర్ లేకుండా అది జరిగే పని కాదు. ప్రోటీన్ స్కిమ్మర్ రూ. 38,500. సన్నటి గాలి బుడగలతో నీళ్లలోని మురికిని నురగగా పైకి తెచ్చే యంత్రం అది. దాని గిన్నెలో రోజూ చేరే టీ డికాక్షన్ లాంటి ద్రవాన్ని ఒక్కసారి వాసన చూసినవాళ్లు ఆ ఖర్చు గురించి మళ్లీ అడగలేదు. నీళ్లు తిప్పే పంపు, అలల్లాంటి కదలిక తెచ్చే రెండు వేవ్‌మేకర్లు రూ. 41,000. ఎల్‌ఈడీ దీపాలు రూ. 24,000, బతికున్న పగడాలు లేవు కాబట్టి ఖరీదైన దీపాలు అక్కర్లేకపోయింది. వైరింగు, ఎర్తింగు, షాకు కొట్టగానే కరెంటు ఆపేసే ఈఎల్‌సీబీ రూ. 22,300. ఉప్పునీళ్లు, కరెంటు, పిల్లలు ఒకేచోట ఉన్నప్పుడు అక్కడ పైసా తగ్గించే ఆలోచన చేయలేదు. అమర్చడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన నిపుణుడికి రూ. 30,000. పరీక్ష కిట్లు, రిఫ్రాక్టోమీటరు రూ. 11,200.

నీళ్లు పోసి వారాలు గడిచినా చేపలేవని చాలామంది కోప్పడ్డారు. చేపల విసర్జనలోంచి పుట్టే అమ్మోనియా వాటికే విషం. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లలో పెరిగేదాకా ఆగాల్సిందే. తెలుగు తరగతి పిల్లలు రోజూ సాయంత్రం గాజు గొట్టంలో నీళ్లు తీసి, చుక్కలు వేసి, రంగు చూసి గోడమీది చార్టులో రాసేవారు. మొదట్లో ముదురు ఆకుపచ్చ, తరువాత లేత ఆకుపచ్చ, చివరికి వరసగా పసుపు పచ్చ వచ్చినప్పుడే, నవంబరులో, చేపలు తెప్పించాం. 8 క్లౌన్ చేపలు, 10 క్రోమిస్ చేపలు, అన్నీ తమిళనాడు హేచరీలో పుట్టి పెరిగినవి. వీటిని తొట్లలో పిల్లలు పెట్టించే పద్ధతిని మన దేశంలో రూపొందించింది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ. చేపలకు రూ. 9,000, ప్యాకింగు, రవాణాకు రూ. 7,800.

నవంబరు నుంచి మార్చి దాకా కరెంటు రూ. 12,400, మేత, చిల్లర సామాను రూ. 4,900, రోజూ చూసుకునే అబ్బాయికి నెలకు రూ. 3,000 చొప్పున రూ. 15,000.

నిజమైన భారం ఇకముందే ఉంది. వేసవి కలుపుకుంటే ఏడాదికి కరెంటు సుమారు రూ. 42,000, అబ్బాయి జీతం రూ. 36,000, ఉప్పు, మేత, ఫిల్టర్లు రూ. 22,000, మొత్తం లక్ష రూపాయలు అవుతుందని అంచనా. డిపాజిట్‌లో ఉన్న రూ. 1,50,000 చిల్లర్ కాలిపోయినా, అద్దం పగిలినా వాడుకోవడానికి. రోజువారీ ఖర్చుకు దాన్ని ముట్టుకోకూడదని తీర్మానించాం. నెలకు రూ. 100 చొప్పున 85 కుటుంబాలు ఇస్తే ఏడాదికి రూ. 1,02,000 వస్తుంది. ఇప్పటికి 61 కుటుంబాలు ఒప్పుకున్నాయి. ఇంకో 24 కుటుంబాలు ముందుకు రావాలని కోరుతున్నాం. రాకపోతే ఏం చేయాలన్నది సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి. చేపలను జాగ్రత్తగా చూసుకోగల మరో చోటికి అప్పగించడం కూడా ఆ చర్చలో ఉంటుంది.

నిల్వ రూ. 21,100లో బ్యాంకులో ఉన్నది రూ. 19,350, నగదు రూ. 1,750. రూ. 2,000 దాటిన ప్రతి చెల్లింపూ అధ్యక్షులు, కోశాధికారి ఇద్దరి సంతకాలతో చెక్కు ద్వారానే జరిగింది. బిల్లులు, రసీదు నకళ్లు, బ్యాంకు పుస్తకం ఆదివారం తప్ప రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఆఫీసులో చూసుకోవచ్చు. ఎవరి పేరైనా దాతల పట్టికలో తప్పిపోయినా, మొత్తంలో తేడా కనిపించినా రసీదు నంబరుతో కాగితం రాసి కోశాధికారికి ఇవ్వండి. సమావేశానికి ముందే సరిచేసి, సవరించిన పట్టికను నోటీసు బోర్డులో పెడతాం.

ఇట్లు,
అక్వేరియం నిధి కమిటీ తరఫున, కార్యదర్శి
బరంపురం, గంజాం జిల్లా