ఫిలిప్పీన్స్ సాహిత్యానికీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలోని విదేశీ సాహిత్య పరిచయాలు ఎక్కువగా రష్యా, ఫ్రాన్స్ దేశాల దగ్గరే ఆగుతున్నాయి. నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకొని తెలుగులో రాసిన తరాన్ని ఎరిగిన మా ఓరుగల్లు పాఠకులకు ఫిలిప్పీన్స్ సాహిత్య చరిత్ర పరాయిదిగా తోచదు.

అక్కడి కొండప్రాంతపు ఇఫుగావో తెగ స్త్రీలు వరికోతల వేళ పాడే హుడ్‌హుడ్ గాథలు మన నాట్ల పాటల్ని తలపిస్తాయి. స్పానిష్ పాలకుల కాలంలో, 1593లో మనీలాలో అచ్చయిన క్రైస్తవ బోధగ్రంథంలో అక్కడి దేశభాష టగలాగ్‌ను రోమన్ లిపితోపాటు దేశీయమైన బైబాయిన్ లిపిలోనూ ముద్రించారు. ఆ లిపి తర్వాత క్రమంగా వాడుక తప్పింది. కవి బలగ్తాస్ 1838లో తన ప్రసిద్ధ కావ్యాన్ని టగలాగ్‌లోనే వెలువరించగా, హోసే రిజాల్ మాత్రం 1887లో బెర్లిన్‌లో అచ్చు వేయించిన, వలస పాలనను ఎండగట్టే ‘నోలి మె తాంగెరె’ నవలను, స్వదేశంలో కొద్దిమందికే వచ్చిన స్పానిష్‌లో రాశాడు. పాలకులకు అది బాగానే అర్థమైనట్టుంది. 1896 డిసెంబరు 30న తిరుగుబాటు నేరం మోపి ఆయనను కాల్చి చంపారు.

స్పెయిన్ తర్వాత పాలనకు వచ్చిన అమెరికన్ల బడులు ఇంగ్లిషు కథకు దారి వేశాయి. జపాన్ ఆక్రమణ కాలంలో ఇంగ్లిషుపై ఆంక్షల వల్ల టగలాగ్ రచన పుంజుకుంది. 1972లో అధ్యక్షుడు మార్కోస్ విధించిన సైనిక శాసనం కింద ఎందరో రచయితలు జైళ్ల పాలయ్యారు. దాశరథి జైలు గోడలపై పద్యాలు రాసిన నేల మనది కనుక, ఆ ఘట్టానికి కాస్త ఎక్కువ చోటివ్వగలరని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ