తోలుగుడ్డు పెట్టిన పెట్ట ఏది?

విద్యారణ్యపుర, బెంగళూరు,
కార్తీక బహుళ పంచమి.

చిరంజీవి ఉషకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. దీపావళి నాడు నీవు మాట్లాడి నేటికి 20 రోజులైంది. పని ఒత్తిడి అయి ఉంటుందని మీ అమ్మకు నేను చెబుతున్నాను, నాకు ఆమె చెబుతోంది. అయితే ఈ ఉత్తరం దాని గురించి కాదు. పెరట్లో ఒక విచిత్రం జరిగింది, అది నీకు కాక ఇంకెవరికి వ్రాసినా నవ్వుతారు.

పోయిన వారం బుధవారం ఉదయం గూడు తలుపు తీసేసరికి కోళ్లు పడుకునే కర్ర కింద తోలుగుడ్డు పడి ఉంది. పెంకు లేదు, పలుచని పొర ఒక్కటే ఉంది, అరచేతిలో పెట్టుకుంటే నీళ్లు నింపిన తిత్తిలా ఊగుతోంది. మీ అమ్మ చూసిన మరుక్షణమే నేరం ఎర్రదాని మీద మోపింది. అది ముసలిదైందట, కార్తీకం వెళ్లగానే సరోజత్త ఇంటికి పంపేయాలట. సరోజత్త ఇంటికి వెళ్లిన కోడి ఏమవుతుందో నీకు తెలుసు. విచారణ లేకుండా తీర్పు చెప్పడం నాకు నచ్చలేదు. సరోజత్త ఈ మధ్య నీ గురించి కూడా ఒక మాట మోసుకొచ్చింది, దానినీ నేను నమ్మలేదు.

మామూలు గుడ్డయితే ఎవరిదో ఇట్టే చెప్పేవాణ్ణి. ఎర్రది, లావుది హెబ్బాళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన గిరిరాజ జాతివి కనుక గోధుమరంగు గుడ్లు పెడతాయి. మదనపల్లె నుంచి తెచ్చిన నల్లది, బుజ్జిది పెట్టేవి చిన్నవి, మీగడ రంగువి. కానీ ఆ రంగు పెంకు మీద పడేది చివరి గంటల్లోనే. ఒక గుడ్డు కడుపులో తయారై బయటికి రావడానికి సుమారు 25 గంటలు పడితే, అందులో 20 గంటలు పెంకు కట్టడానికే పోతాయి. పెంకే లేని గుడ్డుకు రంగెక్కడిది, ఆనవాలెక్కడిది?

పెంకులేని గుడ్డు తరచుగా రాత్రిపూట, పెట్ట కర్ర మీద కునుకుతుండగానే జారిపోతుంది. గుడ్డు పడిన చోటికి పైన పక్కపక్కనే పడుకునేవి ఎర్రది, బుజ్జిది. నడుము కింది ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూశాను. గుడ్లు పెడుతున్న పెట్టకు రెండు మూడు వేళ్లు పట్టాలి, నాలుగింటికీ పట్టాయి. ఇక మిగిలింది రంగు ఉపాయమే. జాంగ్రీలో వేసే రంగులు నాలుగు కొనుక్కొచ్చి, చీకటి పడ్డాక గూట్లోకి దూరి, గుడ్డు వచ్చే చోట ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు పూశాను. టార్చి మీ అమ్మ పట్టుకుంది, హోలీకి ఇంకా నాలుగు నెలలుందని సణుగుతూనే. ఎర్రదానికి ఎరుపు, నల్లదానికి పసుపు సాఫీగానే జరిగాయి. లావుది మాత్రం రెక్కలు విదిలించి ఆకుపచ్చ గిన్నెను నా పంచె మీదికి తన్నింది. ఆ గోలకు పై ఇంటివారు దొంగలనుకుని మేడ మీది లైటు వేసి, కన్నడంలో ఎవరది అని గద్దించారు. నేను కోడిని చంకలో పెట్టుకుని, పచ్చని పంచెతో బయటికి వచ్చి నమస్కారం చేయవలసి వచ్చింది. వారు ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. పంచె మరక నాలుగు ఉతుకులకూ పోలేదు, నీకు ఉగాదికి చూపిస్తాను.

మర్నాడు ఎర్రది గోధుమరంగు పెంకు మీద ఎర్రని చారతో గట్టి గుడ్డు పెట్టింది. మూడో నాడు తెల్లవారుజామున కర్ర కింద మళ్లీ తోలుగుడ్డు, దాని మీద నీలం చార. బుజ్జిది.

దాన్ని అనుమానించాలని ఎవరికీ తోచలేదు. వేళకు వస్తుంది, అరవదు, అన్నిటితోపాటు తిన్నట్టే ఉంటుంది. కుర్చీ వేసుకుని రెండు రోజులు చూస్తే తెలిసింది, పెంకుల పొడి పళ్లెం దగ్గరికి వచ్చినప్పుడల్లా లావుది పొడిచి తరుముతోంది. ఈ చలిలో ఎండదెబ్బ అనడానికి లేదు, టపాసుల బెదురూ పాతబడింది. సున్నం చాలకే పెంకు కట్టడం లేదు. గుడ్డు పెంకులు ఎండబెట్టి, గుడ్డు ఆనవాలు తెలియకుండా మెత్తగా నలిపి (లేకపోతే గుడ్లు తినడం మరుగుతాయి) రెండో పళ్లెం అరటిచెట్టు పక్కన పెట్టాను.

నీవు కూడా వేళకు తింటున్నావో లేదో. పుణెలో రాగిపిండి దొరుకుతుందని అనవద్దు, దొరికినా నీవు కొనవు. రెండు కిలోలు పార్సిల్ చేశాను. జావ ఉండకట్టకుండా ముందు చల్లనీళ్లలో కలుపుకో. ఇంత పెద్దదానివయ్యావు, అలసట అనిపిస్తే సెలవు అడగడానికి మొహమాటపడితే ఎలా? ఉద్యోగం ఎవరికైనా ఉంటుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. నేను ఇదంతా మాటవరసకు వ్రాస్తున్నాను, సరోజత్త మాటను బట్టి కాదు. నీ ఖాతాలో 15,000 రూపాయలు వేశాను. గుడ్లు అమ్మిన డబ్బు అనుకో.

బుజ్జిది నిన్న పెట్టిన గుడ్డుకు పెంకు వచ్చింది కానీ వేలితో నొక్కితే సొట్టపడేలా ఉంది. నేను గూడు తీసేది ఉదయం ఆరున్నరకు. ఆ వేళకు ఫోన్ చేస్తే ఆనాడు ఏం పెట్టిందో చెబుతాను. అంత పొద్దున నీవు లేవలేకపోతే, ఏడింటి దాకా తలుపు తీయకుండా ఆగుతాను.

ఇట్లు,
నాన్న